అస్వాన్ నుబియా మ్యూజియం చూసినవారు చెప్పండి: ఒక పూట కేటాయించవచ్చా?

తీరయాత్రి
అందరికీ నమస్కారం. డిసెంబరులో అమ్మానాన్నలతో ఈజిప్టు వెళ్తున్నాం. అస్వాన్‌లో రెండు రోజులు ఉంటాం. ట్రావెల్స్ వారు వేసిన కార్యక్రమంలో ఫిలే గుడి, నైలు నది మీది హై డ్యామ్, క్వారీలో సగం చెక్కి వదిలేసిన రాతిస్తంభం, మరునాడు తెల్లవారుజామున అబూ సింబెల్ గుడి ఉన్నాయి. నుబియా మ్యూజియం లేదు. అడిగితే, కైరో మ్యూజియం చూసినవారికి అది అవసరం లేదన్నారు. నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశారు కాబట్టి డ్యామ్ తప్పనిసరి. నాకు మాత్రం ఆ మ్యూజియం మీద మనసు ఉంది. చూసినవారు, చదివినవారు చెప్పండి. ఏ సమయానికి వెళ్లాలి? ముందుగా ఏమి తెలుసుకుని వెళ్తే బాగుంటుంది?

పురాలేఖ
తీరయాత్రి గారూ, ఆ సలహా పక్కన పెట్టండి. నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర చెబుతాను. అస్వాన్‌లో నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది ఈ మ్యూజియమే. కైరోలో మీరు చూసేది ఫరోల, అంటే ప్రాచీన రాజుల, ఈజిప్టు. నుబియా అంటే దానికి దక్షిణాన, అస్వాన్ దగ్గర నైలులో రాళ్లు అడ్డుపడే మొదటి చోటు నుంచి నేటి సూడాన్ లోపలి దాకా సాగిన నేల. ఆ నేలలో ఈజిప్టు వైపున్న భాగం మొత్తం, సూడాన్ వైపు కొంత, ఇప్పుడు హై డ్యామ్ వల్ల ఏర్పడిన నాసర్ సరస్సు అడుగున ఉంది. అంటే అక్కడి ఊళ్లు, శ్మశానాలు, కోటలు మీరు వెళ్లి చూడగలిగేవి కావు. మ్యూజియంలో ఉన్నవే మిగిలినవి.

1960 మార్చి 8న యునెస్కో ప్రపంచ దేశాలకు ఒక విజ్ఞప్తి చేసింది. హై డ్యామ్ కడితే మునిగిపోయే కట్టడాలను కాపాడటానికి సాయం చేయమని. 20 ఏళ్లు సాగిన ఆ పనిలో 22 కట్టడాలను విప్పి, మోసుకెళ్లి, వేరే చోట నిలబెట్టారు. ఆ తవ్వకాల్లో దొరికిన వస్తువులకు నుబియా గడ్డ దగ్గరే ఒక చోటు ఉండాలన్న ఆలోచనతో ఈ మ్యూజియం పుట్టింది. 1997 నవంబరులో తెరిచారు.

లోపల మెట్లు దిగి పెద్ద హాలులోకి వెళ్తారు. ఎదురుగా గెర్ఫ్ హుస్సేన్ గుడి నుంచి తెచ్చిన ఫరో రెండవ రామ్సెస్ నిలువెత్తు విగ్రహం ఉంటుంది. కొండను తొలిచి కట్టిన ఆ గుడి లోపలి భాగం నీటిలోనే ఉండిపోయింది. అందరూ విగ్రహం దగ్గర ఫోటోలు దిగి ముందుకు వెళ్లిపోతారు. మీరు మాత్రం పక్కనున్న తొలినాటి కుండల దగ్గర ఆగండి. 5,000 ఏళ్ల నాటివి. చక్రం లేకుండా చేత్తో చేసినవి. పురావస్తు శాస్త్రవేత్తలు గుడ్డుపెంకు పాత్రలు అని పిలిచేంత పలచన. వాటి మీద ఎర్ర రంగుతో గీసిన అడ్డగీతలు, ఏటవాలు గీతలు అచ్చం బుట్ట అల్లికలా ఉంటాయి. రామ్సెస్ పుట్టడానికి 1,800 ఏళ్ల ముందు అక్కడ అంత నైపుణ్యం ఉందన్నమాట.

నా సలహా ఒకటే. అబూ సింబెల్ వెళ్లే ముందు రోజే ఇది చూడండి. అప్పుడు రామ్సెస్ ఆ గుడిని ఎవరి నేల మీద, ఎవరిని భయపెట్టడానికి కట్టించాడో అర్థమవుతుంది.

వేణువు
చిన్న సందేహం. నుబియన్లు ఈజిప్టు వారి పాలనలో ఉన్నవారేనా, లేక వారికంటూ రాజ్యాలు ఉన్నాయా? మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేరు చూసిన గుర్తే లేదు.

పురాలేఖ
వేణువు గారూ, మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నాకూ బాధే.

క్రీ.పూ. 2500 నుంచి 1500 దాకా కెర్మా రాజధానిగా నుబియన్ల రాజ్యం ఉంది. తర్వాత ఈజిప్టు దాన్ని జయించి నాలుగైదు వందల ఏళ్లు ఏలింది. అబూ సింబెల్ ఆ కాలపుదే. ఆ తర్వాత చక్రం తిరిగింది. క్రీ.పూ. 8వ శతాబ్దంలో నేటి సూడాన్‌లోని నపాటా నుంచి కుష్ రాజులు, అంటే నుబియా రాజులు, ఉత్తరానికి వచ్చి ఈజిప్టు సింహాసనం మీద కూర్చున్నారు. ఈజిప్టు రాజుల వరుసలో 25వ వంశం వారిదే. పియే, షబాకా, తహర్కా ఆ వంశం వారు.

పియే వేయించిన విజయ శాసనం ఒకటి దొరికింది. దానిలో ఓడిపోయిన రాజు గుర్రపుశాలకు పియే వెళ్లే ఘట్టం ఉంది. గుర్రాలు ఆకలితో చిక్కిపోయి ఉండటం చూసి, నువ్వు చేసిన మిగతా నేరాలన్నిటికంటే ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించింది అంటాడు. కుష్ రాజుల శ్మశానమైన ఎల్ కుర్రులో 24 గుర్రాలను నిలబెట్టి పూడ్చిన గోతులు బయటపడ్డాయి. వెయ్యేళ్ల తర్వాత, క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటి బల్లానా, కుస్తుల్ సమాధుల్లోనూ రాజులతో పాటు గుర్రాలను పూడ్చారు, వెండి అలంకారాలతో సహా. ఆ సమాధుల్లో దొరికిన సామగ్రిలో కొంత అస్వాన్ మ్యూజియంలో ఉంది. గుర్రం మీద ఆ మమకారం అన్ని వందల ఏళ్లు నిలవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఇంకొకటి చెప్పి ఆపుతాను. అక్కడ తహర్కా నల్లరాతి తల ఉంది. నుబియా రాజుల శిల్పాలను గుర్తుపట్టడానికి ఒక మార్గం నుదుటి మీద రెండు నాగుపాములు. ఈజిప్టు రాజులకు సాధారణంగా ఒకటే ఉంటుంది. తర్వాతి కాలంలో రెండవ సామ్‌తిక్ అనే ఈజిప్టు రాజు కుష్ మీదికి సైన్యం పంపాడు. ఆ రోజుల్లో కుష్ రాజుల పేర్లను రాళ్ల మీద నుంచి చెరిపేశారు, శిల్పాల్లో రెండో పామును ఉలితో కొట్టేశారు. ఎక్కడైనా కుష్ రాజు బొమ్మ కనిపిస్తే నుదురు దగ్గరగా చూడండి. చెక్కేసిన మచ్చ తెలుస్తుంది.

మట్టిగోడ
నేను భవన నిర్మాణ రంగంలో ఉన్నాను. వస్తువుల గురించి పురాలేఖ గారు చెప్పారు కాబట్టి భవనం గురించి నేను చెబుతాను. రూపకర్త మహమూద్ అల్ హకీమ్. 2001లో ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది. ఇసుకరాయి, గ్రానైటు రంగులు కొండ రంగులో కలిసిపోయాయి. స్థలంలో ఉన్న పెద్ద బండలను పేల్చి చదును చేయకుండా వాటి మధ్యే తోట వేశారు. ఆ తోటలో నైలుకు గుర్తుగా ఒక నీటి కాలువ పారుతుంది. పాత శిలాచిత్రాలు పెట్టిన గుహ, నుబియన్ ఇంటి నమూనా కూడా తోటలోనే ఉన్నాయి. లోపల చూసేసి వెళ్లిపోకండి. బయట కనీసం అరగంట తిరగండి.

నుబియన్ల ఇళ్లలో నన్ను కట్టిపడేసేది పైకప్పు. చెక్క దొరకని నేల కదా. పచ్చి ఇటుకలతో కమాను కప్పు వేస్తారు, కింద సెంట్రింగ్ అసలు పెట్టరు. ముందు ఒక చివర గోడ లేపుతారు. దాని మీద బంకమట్టితో కమాను ఆకారం గీసుకుంటారు. మొదటి వరుస ఇటుకలను ఆ గోడకు ఏటవాలుగా ఆనించి అతికిస్తారు. రెండో వరుస మొదటిదాని మీద వాలుతుంది. ఇటుకకు ఒకవైపు వేళ్లతో గాడులు తీస్తారు, తడి మట్టి పట్టు ఇవ్వాలని. అలా వరుస మీద వరుస వాలుతూ గది అవతలి చివరికి చేరుతుంది. ఒక్క దూలం లేదు, ఒక్క మేకు లేదు. 1940ల్లో హసన్ ఫతీ అనే ఈజిప్టు వాస్తుశిల్పి అస్వాన్ ప్రాంతపు మేస్త్రీల దగ్గర ఈ పని చూసి లోకానికి చాటాడు. మన దగ్గర ఆరోవిల్‌లోని ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పద్ధతి నేర్పుతారు. ఆసక్తి ఉన్నవారు అంత దూరం వెళ్లనవసరం లేకుండా అక్కడ చూడవచ్చు.

ముంపుబిడ్డ
అందరి రాతలూ శ్రద్ధగా చదివాను. ఎంతో తెలిసింది. కానీ ఇంతసేపు గుళ్లు, కుండలు, కప్పుల గురించే మాట్లాడుకున్నాం. ఆ కప్పుల కింద బతికినవారు ఏమయ్యారు?

నాకు ఇది దూరపు విషయం కాదు. కృష్ణ మీద కట్టిన ఒక ప్రాజెక్టులో మా తాతగారి ఊరు మునిగింది. ఎండాకాలం నీళ్లు తగ్గితే పునాదులు తేలేవి. తాతగారు మమ్మల్ని తీసుకెళ్లి ఇది చావడి, ఇది మన కొట్టం అని రాళ్లు చూపించేవారు. నాసర్ సరస్సులో ఆ పాటి కూడా లేదు. ఆ నీరు వెనక్కి తగ్గి ఊళ్లు చూపించదు.

అస్వాన్‌లో మొదటి ఆనకట్ట 1902లో పూర్తయింది. దాన్ని 1912లో ఒకసారి, 1933లో మరోసారి ఎత్తు పెంచారు. పెంచిన ప్రతిసారీ నుబియన్లు ఇళ్లు పైకి జరుపుకున్నారు. ఖర్జూర తోటలు పోయాయి. మగవారు కైరో, అలెగ్జాండ్రియా వెళ్లి వంటవారుగా, కాపలాదారులుగా పనిచేశారు. చివరికి 1963, 64ల్లో ఈజిప్టు వైపు 50,000 మందిని, సూడాన్ వైపు మరో 50,000 మందిని పూర్తిగా ఖాళీ చేయించారు. ఈజిప్టు వారిని కోమ్ ఒంబో దగ్గరికి, సూడాన్ వారిని రైళ్లలో వందల కిలోమీటర్ల అవతల అట్బరా నది దగ్గరి కొత్త హల్ఫాకు తీసుకెళ్లారు. బయలుదేరే ముందు శ్మశానాలకు వెళ్లి పెద్దల సమాధుల మీద నీళ్లు చల్లారు. తలుపు తాళాలు వెంట తీసుకెళ్లారు.

కొత్త చోట నది కనబడదు. వరుసగా ఒకే తీరు గదులు. పాత ఇంటికి పెద్ద వాకిలి ఉండేది, ముందు గోడ మీద ముగ్గుల్లాంటి చిత్రాలు, మట్టిలో పొదిగిన పింగాణీ పళ్లాలు ఉండేవి. అవన్నీ పోయాయి. మొదటి సంవత్సరాల్లో పసిపిల్లలు ఎందరో చనిపోయారు. అబూ సింబెల్ గుడిని మాత్రం అంగుళం తేడా రాకుండా నిలబెట్టారు. రాతికి పట్టిన ఓపిక మనుషులకు పట్టలేదు. మ్యూజియం చూడండి, వద్దనను. కానీ అది చూసి నుబియాను కాపాడారని ఎవరైనా అంటే నాకు మింగుడుపడదు.

జలధార
ముంపుబిడ్డ గారి బాధ న్యాయమైనది. నేను జీవితమంతా కాలువల మీద పనిచేసినవాడిని కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. హై డ్యామ్ పని 1960లో మొదలై 1970లో పూర్తయింది. పొడవు 3,830 మీటర్లు, ఎత్తు 111 మీటర్లు. 1980ల్లో ఇథియోపియా కొండల్లో వరుసగా వానలు లేకపోయినప్పుడు ఆ దేశంలోనూ సూడాన్‌లోనూ కరవు ప్రాణాలు తీసింది. ఈజిప్టులో పొలాలు ఎండలేదంటే నాసర్ సరస్సులో నిల్వ ఉన్న నీరే కారణం. అక్కడ వాన దాదాపు ఉండదు. కోట్ల మంది ఆ ఒక్క నది మీద బతకాలి. డ్యామ్ కట్టకుండా ఉండవలసింది అని నేను అనలేను.

తీరయాత్రి గారూ, మీ నాన్నగారికి అబూ సింబెల్ లెక్కలు చెప్పండి, ఇష్టపడతారు. నీరు పెరుగుతోంది, పని ఆగకూడదు. ముందు మట్టికట్ట వేసి నీటిని ఆపారు. గుడిని 1,036 దిమ్మెలుగా రంపాలతో కోశారు. కొన్ని దిమ్మెలు 30 టన్నుల బరువు. 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి చేర్చి మళ్లీ పేర్చారు. 1968 నాటికి పూర్తి. వెనక మీకు కనిపించే కొండ నిజమైన కొండ కాదు, లోపల కాంక్రీటు గుమ్మటం ఉంది. నుబియాలోనే ఉన్న అమదా గుడిని కోస్తే గోడల మీది రంగులు చెడిపోతాయని ఫ్రెంచి ఇంజినీర్లు మొత్తం గుడిని పట్టాల మీద రెండున్నర కిలోమీటర్లు జరిపారు. అంత పని చేయగలిగినవారికి మంచి ఇళ్లు కట్టడం అసాధ్యం కాదు. అక్కడ మాత్రం ముంపుబిడ్డ గారితో పూర్తిగా ఏకీభవిస్తాను.

ముంపుబిడ్డ
జలధార గారూ, ధన్యవాదాలు. డ్యామ్ వద్దని నేను అనడం లేదు. కరవు ఏమిటో మాకూ తెలుసు. నా మాట తర్వాతి కాలం గురించి. 2014 ఈజిప్టు రాజ్యాంగం 236వ అధికరణలో నుబియన్లను పదేళ్లలోగా వారి పాత ప్రాంతాలకు తిరిగి చేర్చే ప్రణాళికలు అమలు చేస్తామని రాసుకున్నారు. అదే సంవత్సరం 444వ నంబరు ఉత్తర్వుతో సరిహద్దు పొడవునా పెద్ద ప్రాంతాన్ని సైనిక మండలంగా ప్రకటించారు. నుబియన్లు వెళ్లాలనుకున్న ఊళ్లలో కొన్ని దానిలోకే వచ్చాయి. పదేళ్ల గడువూ దాటిపోయింది. మ్యూజియంలో పెళ్లి, బడి, బుట్టలు అల్లే ఆడవారు అంటూ నిలువెత్తు బొమ్మలు పెట్టారని చదివాను. ఆ ఆడవారి మనవరాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో కూడా పక్కన ఒక పలక మీద రాయాలి. నా కోరిక అంతే.

పురాలేఖ
ఆ బొమ్మల గది నేను చూశాను. అందంగా చేశారు. మీరన్న పలక ఉండి తీరాలి, కాదనను. కానీ ఆ గదిలో నేను చూసిన మరో దృశ్యం చెప్పాలి. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు మనవడిని వెంటబెట్టుకుని వచ్చారు. బొమ్మల ముందు నిలబడి ఒక్కో వస్తువూ చూపిస్తూ తమ భాషలో పేర్లు చెప్పిస్తున్నారు. పిల్లవాడు తిరిగి పలుకుతున్నాడు, తప్పు పలికితే ఆయన మళ్లీ చెబుతున్నారు. నుబియన్ భాషలు ఇంటి బయట వినిపించడం తగ్గిపోతున్న కాలంలో ఆ గది వారికి పనికొస్తోంది. ప్రభుత్వం ఏ ఉద్దేశంతో కట్టినా, ఆ తాతయ్య దాన్ని తన సొంతం చేసుకున్నారు.

పాతపటం
ఈ కథలో భారతదేశం కూడా ఉందని ఎవరూ చెప్పలేదు. యునెస్కో పిలుపు విని భారత పురావస్తు శాఖ 1962లో బి.బి. లాల్ నాయకత్వంలో ఒక బృందాన్ని నుబియాకు పంపింది. అఫియే, తుమాస్ అనే చోట్ల తవ్వారు. అఫియేలో పురాలేఖ గారు చెప్పిన గుడ్డుపెంకు పాత్రల కాలం నాటి నివాసం, రాతి గోడల ఇళ్లు బయటపడ్డాయి. ఆ తర్వాతి కాలపు సమాధులు కూడా తవ్వారు. చుట్టూ గుండ్రంగా రాళ్లు పేర్చిన సమాధులు, లోపల నలుపు ఎరుపు కలిసిన మట్టిపాత్రలు చూసి, ఇవి మన దక్షిణాది బృహత్ శిలాయుగపు సమాధులను పోలి ఉన్నాయని లాల్ రాశారు. తెలంగాణలో రాకాసి గుళ్లు అని పిలుచుకునే రాతి వలయాలు చూసినవారికి ఆ పోలిక ఎందుకు తట్టిందో వెంటనే తెలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన విషయం. అదే రోజుల్లో మన దగ్గరా ఇదే పని జరిగింది. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయలో తవ్వకాలు. ఇక్ష్వాకుల విజయపురి నీటిలోకి వెళ్లే ముందు కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నిటిని అనుపుకు చేర్చారు. కొండ ద్వీపం అయింది, దాని మీద మ్యూజియం వెలిసింది. అబూ సింబెల్ రాయి కోయకముందే మనవారు ఈ తవ్వకాలు పూర్తి చేశారు. పడవలో ఆ ద్వీపానికి వెళ్లినవారు నుబియాను సగం అర్థం చేసుకున్నట్టే.

పురాలేఖ
పాతపటం గారు చెప్పింది నిజం. ఆ పోలిక గురించి మాత్రం ఒక జాగ్రత్త. నుబియాలో ఆ సమాధులు క్రీ.పూ. 2300 నుంచి 1500 మధ్యవి. మన రాతి వలయాలు ఎక్కువగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దివి. మధ్యలో సముద్రం, వందల ఏళ్ల ఎడం. చనిపోయినవారి చుట్టూ రాళ్లు పేర్చడం చాలా జాతులు విడివిడిగా చేసిన పని. వాట్సాప్‌లో దీన్ని పట్టుకుని వారూ మనమూ ఒకటే అని తిప్పకుండా ఉంటే చాలు.

వేణువు
అస్వాన్ సంగతి సరే, సూడాన్ వైపు వస్తువులు ఏమయ్యాయి? అక్కడ యుద్ధం కదా.

పాతపటం
ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి చేయి రావడం లేదు. ఖార్టూమ్‌లో సూడాన్ జాతీయ మ్యూజియం 1971లో తెరిచారు. బుహెన్, సెమ్నా గుళ్లను ముంపు నుంచి విప్పి తెచ్చి దాని తోటలో నిలబెట్టారు. ఫరస్ అనే చోట ఇసుక కింద ఒక పెద్ద చర్చి బయటపడింది. 1961, 64 మధ్య పోలండ్ పురావస్తు శాస్త్రవేత్త మిహవోవ్‌స్కీ బృందం దాని గోడల నుంచి 120కి పైగా చిత్రాలను ఒలిచి కాపాడింది. సగానికి పైగా వార్సాకు వెళ్లాయి, మిగతావి ఖార్టూమ్‌లో ఉండిపోయాయి. నీటి నుంచి తప్పించుకున్న సంపద అది.

2023 ఏప్రిల్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళాలకూ యుద్ధం మొదలైంది. మ్యూజియం ఆ దళాల చేతిలోకి వెళ్లింది. 2025 మార్చిలో సైన్యం నగరాన్ని తిరిగి పట్టుకున్నాక లోపలికి వెళ్లినవారికి పగిలిన అద్దాలు, ఖాళీ అరలు కనిపించాయి. బంగారం దాచిన గది ఊడ్చుకుపోయింది. మోయలేనంత బరువున్నవి మిగిలాయి, తహర్కా పెద్ద విగ్రహం వాటిలో ఒకటి. మిగిలినవి ఎక్కడ అమ్ముడుపోతున్నాయో వెతుకుతున్నారు. ఎక్కడైనా వేలంలోనో, ఇంటర్నెట్‌లోనో నుబియా పురావస్తువు అని అమ్మకానికి కనిపిస్తే దయచేసి కొనకండి. యునెస్కో కూడా అందరినీ ఇదే కోరింది.

వేణువు
చదువుతుంటే మనసు మొద్దుబారింది. ఒకసారి నీరు, ఒకసారి తుపాకి.

మట్టిగోడ
తీరయాత్రి గారూ, అస్వాన్‌లో నైలు పడమటి ఒడ్డున ఘర్బ్ సొహైల్ అనే నుబియన్ ఊరు ఉంది. పడవలో తీసుకెళ్తారు. రంగురంగుల ఇళ్లు, మందార టీ, తొట్లలో మొసలి పిల్లలు చూపిస్తారు. మొసళ్లను అలా ఉంచడం నాకు నచ్చదు. కానీ ఆ ఊరివారు తమ ఇంటి ముంగిట్లో తమ డబ్బు తాము సంపాదించుకుంటున్నారు. వీలైతే పర్యాటకుల గుంపు వెళ్లాక ఒక ఇంట్లో భోజనం అడగండి. పైకప్పు చూపించమంటే సంతోషంగా చూపిస్తారు.

తీరయాత్రి
అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఈ చర్చ మొత్తం నాన్నగారికి చదివి వినిపించాను. జలధార గారి లెక్కలు రాసుకున్నారు. ముంపుబిడ్డ గారి మాటల దగ్గర మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆయన ఉద్యోగంలో పునరావాస కాలనీలు కూడా చూశారు. కార్యక్రమం మార్చమని ట్రావెల్స్ వారికి చెప్పేశాం. మొదటి రోజు ఉదయం డ్యామ్, ఫిలే, సాయంత్రం మ్యూజియం, రెండో రోజు అబూ సింబెల్, తిరిగి వచ్చాక ఘర్బ్ సొహైల్. అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కువా? ఏ గది వదిలేసినా ఫరవాలేదు?

పురాలేఖ
మెట్లు ఉన్నాయి, మెల్లగా దిగితే ఇబ్బంది లేదు. వేరే దారి ఉందేమో ద్వారం దగ్గరే అడగండి. పనివేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి, ముందు రోజు హోటల్లో కనుక్కోండి. ఓల్డ్ క్యాటరాక్ట్ హోటల్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. అమ్మగారు అలసిపోతే రామ్సెస్ హాలులోని ఫరోల భాగం త్వరగా దాటేయండి, ఆ కాలపువి మీకు కైరోలో దొరుకుతాయి. తొలినాటి కుండలు, కుష్ రాజులు, బల్లానా సామగ్రి, చివర బొమ్మల గది వదలకండి. యునెస్కో తరలింపు పనుల ఫోటోలు కూడా ఉంటాయి, నాన్నగారిని అక్కడ కాసేపు వదిలేయండి.

ముంపుబిడ్డ
బొమ్మల గది దగ్గర కాపలా ఉండేవారితో మాట్లాడండి. మీ కుటుంబం ఏ ఊరు నుంచి వచ్చిందని అడగండి. మునిగిన ఊరి పేరు చెబితే, రాసుకుని వచ్చి ఇక్కడ పెట్టండి.